సీమ ఎండకు నెల శ్లాబు సరిపోదు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు చెబుతారు. కర్నూలు, కడపల్లో అది వెళ్లిన వారానికే ఫ్యాను రెగ్యులేటర్ రెండు మీద నుంచి నాలుగు మీదికి, ఉగాది నాటికి అయిదు మీదికి చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలి, మృగశిరలో నాలుగు చినుకులు రాలేదాకా మళ్లీ కిందికి దిగదు. ఈ మూడున్నర నెలల కథనే కరెంటు బిల్లు రూపాయల్లో చెబుతుంది. కాకపోతే ఎండ ఎంత పెరిగిందో అంత చెప్పి ఊరుకోదు, ఇంకాస్త కలిపి చెబుతుంది.

ఆ కలిపే భాగం ఎక్కడుందో చూడడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. 2022 మార్చి 30న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ప్రకటించిన గృహ వినియోగ శ్లాబులు చాలు. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 31 నుంచి 75 దాకా రూ.3, 76 నుంచి 125 దాకా రూ.4.50, 126 నుంచి 225 దాకా రూ.6, 226 నుంచి 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. కడప ఎన్జీవో కాలనీలోనో, కర్నూలు సి.క్యాంపులోనో ఒక మధ్యతరగతి ఇల్లు ఉందనుకుందాం. జనవరిలో 120 యూనిట్లు కాలుతుంది. ఎనర్జీ చార్జీ రూ.394.50. మే నెలలో రాత్రిపూట ఒక ఏసీ నడుస్తుంది. రోజుకు ఆరు యూనిట్లు దానికే పోతాయి. మొత్తం 300 యూనిట్లు. చార్జీ రూ.1,673.25. కాలిన కరెంటు రెండున్నర రెట్లయింది, కట్టాల్సిన డబ్బు నాలుగు రెట్లు దాటింది. కిలోవాట్‌కు పది రూపాయల స్థిర చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు వీటి మీద అదనం.

ఏసీ పెట్టుకున్నవాళ్ల గోడు మనకెందుకు అనేవారుంటారు. సరే, ఏసీ లేని ఇల్లే చూద్దాం. రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒక చిన్న ఫ్రిజ్, టీవీ, లైట్లు. చలికాలంలో నెలకు 60 యూనిట్లు. ఒక్కో ఫ్యాను 75 వాట్లు. చలికాలంలో రోజుకు ఆరు గంటలు తిరిగేది వేసవిలో పద్దెనిమిది గంటలు తిరుగుతుంది. కొత్త వస్తువేదీ ఇంట్లోకి రాకుండానే నెలకు 54 యూనిట్లు పెరిగాయి. 60 కాస్తా 114 అయింది. చార్జీ రూ.147 నుంచి రూ.367.50కు పోయింది. అంటే వాడకం రెట్టింపు కాలేదు, డబ్బు మాత్రం రెండున్నర రెట్లు. ఈ ఇంట్లో ఎవరూ దుబారా చేయలేదు. 42 డిగ్రీల ఎండలో ఫ్యాను కట్టేయలేదు, అంతే.

శ్లాబుల వెనక ఉన్న ఆలోచన చెడ్డది కాదు. తక్కువ వాడేవాడు పేదవాడు, ఎక్కువ వాడేవాడు ఉన్నవాడు. కాబట్టి పైశ్లాబు వాడు ఎక్కువ కట్టి కిందిశ్లాబు వాణ్ని ఆదుకోవాలి. ఇద్దరు మనుషులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది న్యాయమే. ఒకే మనిషిని జనవరిలోనూ మేలోనూ చూస్తే మాత్రం తేడా కొడుతుంది. జనవరిలో ఆదుకోవాల్సిన పేదగా కనబడినవాడు మే వచ్చేసరికి ఆదుకోగల ఉన్నవాడైపోతాడు. వాడి జీతం మారలేదు. మారింది ఎండ.

రాయలసీమకు ఈ లెక్క మరీ గట్టిగా తగలడానికి ఇళ్లు కూడా కారణం. ఇక్కడి పాత మిద్దెలు ఎండను ఎరిగి కట్టినవి. దూలాల మీద బండలో కట్టెలో పరిచి, పైన మందంగా మట్టి వేసి, వాన నీరు దిగకుండా చౌడు పరిచేవారు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయికి కరువు లేదు. కడప బండ పేరు రాష్ట్రాలు దాటింది. మందపాటి గోడ, చిన్న కిటికీ, చౌడు మిద్దె కలిస్తే మధ్యాహ్నం కూడా లోపల పడుకోగలిగేవారు. రాత్రికి మంచాలు మిద్దెక్కేవి. ఆ ఇళ్లు పోయి నాలుగైదు అంగుళాల కాంక్రీటు కప్పులు వచ్చాయి. పగలంతా ఎండను తాగిన కప్పు రాత్రి పది తర్వాత దాన్ని గదిలోకి వదులుతుంది. బయట గాలి కాస్త చల్లబడినా లోపల ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంటుంది. మిద్దె మీద పడుకుందామంటే దోమలు, అపార్ట్‌మెంట్ అయితే ఆ వీలూ లేదు. అందుకే సీమ ఇళ్లలో మీటరు గట్టిగా తిరిగేది మిట్టమధ్యాహ్నం ఒక్కటే కాదు, రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా కూడా.

ఇందులో ఒక వింత ఉంది. ఇదే ఎండ పగటిపూట ఈ నేలకు కరెంటునిస్తోంది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయ్యేనాటికి ఒకేచోట ఉన్న అతిపెద్ద సౌర కేంద్రాల్లో ఒకటిగా ప్రపంచమంతా పేరుపొందింది. కడప జిల్లా మైలవరంలోనూ సోలార్ పార్కు ఉంది. ఎర్రగుంట్ల, ముద్దనూరుల మధ్య కలమళ్ల దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉండనే ఉంది. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం. ఇన్ని ఉన్నా, సీమ మనిషికి కరెంటు ఎక్కువ కావాల్సిన గంటలో సౌర పలకలు నిద్రపోతుంటాయి, ఎక్కువ కావాల్సిన నెలలో శ్రీశైలం అడుగంటి ఉంటుంది. కృష్ణమ్మ వరద జులై, ఆగస్టుల్లో గానీ రాదు. అప్పటికి ఫ్యాను రెగ్యులేటర్ ఎలాగూ మూడు మీదికి దిగి ఉంటుంది.

కాబట్టి వేసవి కరెంటు నిజంగానే ఖరీదైన కరెంటు. ఈ మాట ఒప్పుకోకుండా కరెంటు పంపిణీ చేసే డిస్కంలను తిట్టడం తేలిక. 2022 మార్చి నెలాఖరులో దేశంలోని పవర్ ఎక్స్చేంజీల్లో యూనిట్ ధర రూ.20 దాకా ఎగబాకింది. ఏప్రిల్ 1న కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి కలగజేసుకుని రూ.12 మించకూడదని గీత గీసింది. దేశమంతా బొగ్గు కొరత. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరం నడిచే ఫ్యాక్టరీలను సగం లోడుకు తగ్గించుకోమన్నారు. ఇళ్లకు, పొలాలకు ఇవ్వడానికి దొరికిన ధరకు కొన్నారు.

ఆ కొన్న కరెంటుకు డబ్బు ఎప్పుడు కట్టించుకున్నారన్నదే అసలు కథ. 2022–23 సంవత్సరానికి ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు (ఎఫ్‌పీపీసీఏ) కింద రూ.6,072.86 కోట్లు వసూలు చేసుకోవడానికి నియంత్రణ మండలి అనుమతించింది. వసూలు మొదలైంది 2024 డిసెంబరులో. తర్వాతి ఏడాది, అంటే 2023–24కు మరో రూ.9,412.50 కోట్లు దాని వెనకే వచ్చాయి. ఇదంతా వేసవి ఖర్చే అనడానికి లేదు గానీ, 2022 ఎండాకాలంలో ఎగబడి కొన్న యూనిట్ల ఖర్చు కూడా అందులో ఉంది. ఫలితమేమిటంటే, ఏడాదిలో బిల్లు కాస్త తగ్గి ఊపిరి పీల్చుకునే డిసెంబరులో రెండున్నరేళ్ల కిందటి ఉక్కపోత వచ్చి కూర్చుంది. ఆ వేసవిలో ఆ ఇంట్లో లేనివారు కూడా కట్టారు. అప్పుడు ఇంకో ఊళ్లో అద్దెకున్న కుటుంబం, అప్పటికి పెళ్లికాని జంట, ఎవరైతేనేం, సర్వీసు నంబరుకు మొహమాటం లేదు. రాజకీయంగా రెండు పక్షాలూ ఈ చార్జీలు మీవంటే మీవని వాదులాడుకున్నాయి. మధ్యలో బిల్లు మీద ఎఫ్‌పీపీసీఏ అనే నాలుగైదు అక్షరాలు మాత్రం మిగిలాయి, ఇంట్లో ఎవరికీ అర్థంకాకుండా. న్యాయంగా చెప్పాలంటే, 2024–25 లెక్క తేలాక తగ్గింపు కూడా వచ్చింది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున వెనక్కివ్వాలని మండలి ఆదేశించింది. ఇచ్చేది పైసల్లో కనబడి పుచ్చుకునేది కోట్లలో వినబడడం జనం తప్పు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎండాకాలం కరెంటు ఖరీదైనదే అయితే, ఎండాకాలం బిల్లు పెరగడంలో తప్పేముంది?

తప్పు పెరగడంలో లేదు, కొలిచే గిన్నెలో ఉంది. శ్లాబు అనేది నెల గిన్నె. ఈ నెల గిన్నె సహజసిద్ధమైనదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనే 2016–17 నుంచి నాలుగేళ్లపాటు ఇళ్లను ఏడాది వాడకాన్ని బట్టి విడదీశారు. అంతకుముందు సంవత్సరంలో 900 యూనిట్ల లోపు వాడినవారు ఎ గ్రూపు, 900 నుంచి 2,700 దాకా బి గ్రూపు, ఆపైన సి గ్రూపు. నెలకు 75, నెలకు 225 అన్న గీతలనే పన్నెండుతో హెచ్చించి వేశారు. అంటే ఒక్క మేలో 300 కాల్చినా, మిగతా ఏడాది పొదుపుగా ఉంటే ఆ ఇంటిని పొదుపరిగానే చూశారు. ఆ పద్ధతిలోనూ లోపం లేకపోలేదు. నిరుడు చేసిన ఖర్చుకు ఈ ఏడాదంతా శిక్ష పడేది. ఏసీ అమ్మేసినా సి గ్రూపు వదిలేది కాదు. అయినా సంవత్సరం అనేది ఒకటుందని ఆ పద్ధతికి తెలుసు.

2020–21లో దాన్ని మార్చారు. ఏ నెల వాడకాన్ని బట్టి ఆ నెల గ్రూపు అన్నారు. అది అమల్లోకి వచ్చింది సరిగ్గా ఏప్రిల్‌లో, అందులోనూ లాక్‌డౌన్ ఏప్రిల్‌లో. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే. మీటరు చూడడానికి మనిషి రాలేదు. ఆ తర్వాత వచ్చి రెండు నెలల రీడింగు ఒక్కసారే తీసి రెండుగా పంచారు. ఆ పద్ధతిలో 225 దాటి ఒక్క యూనిట్ ఎక్కువైతే మొదటి యూనిట్ నుంచే ఖరీదైన వరుసలో పడతారు. మే నెలలో బిల్లు చేతికందినవాళ్లు 'ఏంప్పా, ఇంతొచ్చిండాదే!' అని నోరెళ్లబెట్టారు. రాష్ట్రమంతా గొడవైంది, ప్రతిపక్షాలు రోడ్డెక్కాయి. 2022లో గ్రూపులు ఎత్తేసి అందరికీ ఒకే మెట్ల వరుస తెచ్చాక ఆ ఒక్క యూనిట్ ప్రమాదం పోయింది. ఇప్పుడు 226వ యూనిట్‌కు ఆ యూనిట్ ధరే పడుతుంది. ఇది మెరుగే. కానీ గ్రూపులతోపాటు సంవత్సరం అనే లెక్క కూడా పోయింది.

ఏడాది లెక్క వేస్తే తేడా ఎంత? పైన చెప్పిన మధ్యతరగతి ఇల్లే తీసుకుంటే, ఎనిమిది నెలలు 120 చొప్పున, నాలుగు నెలలు 300 చొప్పున, ఏడాదికి 2,160 యూనిట్లు. ఇప్పటి పద్ధతిలో ఎనర్జీ చార్జీ రూ.9,849. అవే 2,160 యూనిట్లు నెలకు 180 చొప్పున సమంగా కాలితే రూ.8,964. తేడా రూ.885. పదిశాతం లోపే. కొంప మునిగే మొత్తం కాదని ఒప్పుకోవాలి. వేసవి బిల్లులో సగం దోపిడీ అన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ అంకె చూడాలి. కానీ ఆ రూ.885 ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. విశాఖలో సముద్రపు గాలి తగిలే ఇంటికీ, బెంగళూరు ఎండతో పోల్చదగిన మదనపల్లె ఇంటికీ ఏడాదంతా వాడకం కాస్త దగ్గరదగ్గరగా ఉంటుంది. ఎత్తుపల్లాలు ఎక్కువున్న ఇల్లు కర్నూలులో, నంద్యాలలో, కడపలో ఉంది. ఒకే ఏడాదిలో ఒకే మొత్తం కరెంటు వాడిన రెండు ఇళ్లలో ఎండ ఎక్కువున్న ఊరివాడు ఎక్కువ కడుతున్నాడు. దీనికి పొదుపుతో సంబంధం లేదు.

ఆ రూ.885 కన్నా పెద్ద బాధ డబ్బు అడిగే వేళది. ఏప్రిల్ వాడకం బిల్లు మే మొదట్లో, మే వాడకం బిల్లు జూన్ మొదట్లో వస్తుంది. జూన్ అంటే బడి ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం. పల్లెలో అయితే వేరుశనగ విత్తనం, దుక్కి కూలి. మామూలుగా రూ.750 చొప్పున సర్దుకోగల ఇంటికి ఆ నెలల్లోనే రూ.1,673, దాని మీద సర్దుబాటు చార్జీలు. వాడకం పెరిగిందని అదనపు డిపాజిట్ నోటీసు వస్తే అదొకటి. గడువు దాటితే లైన్‌మన్ నిచ్చెన భుజాన వేసుకుని రానే వస్తాడు.

గీతల దగ్గర పరిస్థితి ఇంకా కటువు. నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉండే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్ పథకం ఉంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతికీ 200 యూనిట్లే గీత. అక్కడ ఒక నెలలో దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. 201 యూనిట్లకు మన శ్లాబుల్లో లెక్కకడితే రూ.873. ఇలాంటి గీత ఉన్నచోట ఆ చివరి ఒక్క యూనిట్ ఖరీదు అంత. చలికాలంలో 90 దగ్గర ఉండే ఇల్లు 200 గీతను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మే నెలలో దాన్ని తలచుకుంటూ కూలర్ ఆపాలి. ఏ నెలలో సాయం ఎక్కువ కావాలో ఆ నెలలోనే అది జారిపోయేలా గీత ఉండడం పథకం ఉద్దేశం కాదు, పర్యవసానం. కర్ణాటక వాళ్లు వేరే దారి పట్టారు. 2023లో వారి గృహజ్యోతి మొదలైనప్పుడు ప్రతి ఇంటికీ 2022–23 సగటు వాడకాన్ని తీసి, దానికి పదిశాతం కలిపి, 200కు మించకుండా ఉచిత కోటా ఇచ్చారు. ఏడాది సగటుకు పదిశాతమంటే సరిహద్దు అవతల బళ్లారి ఎండకు సరిపోదు. మేలో వాడకం పెరిగేది పది శాతం కాదు, అంతకు ఎన్నో రెట్లు.

రీడింగు తేదీ సంగతి చిన్నదే గానీ వదిలేయదగ్గది కాదు. రోజుకు ఏడున్నర యూనిట్లు కాల్చే ఇంటికి ముప్పై రోజులకు 225 యూనిట్లు, రూ.1,017. మీటరు చూసే మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే 255 యూనిట్లు, రూ.1,279.50. మరుసటి నెల ఇరవయ్యారు రోజులే కాబట్టి రూ.837. రెండు నెలలకూ కలిపి నష్టం ఎనభై రెండున్నర రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. పైన చెప్పిన 200 గీత దగ్గర అవే నాలుగు రోజులు వస్తే ఇంతే అనిపించదు.

ఇంకా దిగువన మీటరు పంచుకునే ఇళ్లున్నాయి. కర్నూలు పాతబస్తీలో, కడప పాత వీధుల్లో ఒకే సర్వీసు మీద రెండు మూడు కాపురాలు ఉండడం కొత్త కాదు. విడివిడిగా 75 యూనిట్ల చొప్పున వాడితే ఒక్కో ఇంటికి రూ.192, ఇద్దరికీ రూ.384. ఒకే మీటరు మీద 150 అయితే రూ.567. వేసవిలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. చాలాచోట్ల ఇంటి యజమాని శ్లాబుల గొడవ లేకుండా యూనిట్‌కు ఇంత అని ఒక్క రేటు చెబుతాడు. అది ఎప్పుడూ పైశ్లాబు దగ్గరే ఉంటుంది గానీ కిందిశ్లాబు దగ్గర ఉండదు. రాయితీ పేదవాడి పేరున పుట్టి యజమాని గడపలో ఆగిపోతుంది.

ఎండకు తట్టుకునే ఉపాయాల విషయంలో సీమకు ఒక వరం ఉంది, దానికో శాపం అంటుకుని ఉంది. ఇక్కడి వేడి పొడి వేడి. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ బాగా తక్కువ. కోస్తాలో ఊరికే చెమటలు పోయించే కూలర్ కర్నూలులో నిజంగా చల్లబరుస్తుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ గాలిలో వేడి తగ్గుతుంది, గాలి పొడిగా ఉంటేనే నీరు బాగా ఆవిరవుతుంది. ఏసీ కిలోవాట్ దాటి లాగే చోట కూలర్ 150, 200 వాట్లతో సరిపెడుతుంది. బిల్లుకు ఇంతకన్నా మంచి మందు లేదు. అయితే కూలర్‌కు నీళ్లు పోయాలి. వేసవిలో కర్నూలు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు మట్టం గురించి రోజూ పేపర్లో చదువుకునే ఊళ్లో, బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడే కాలనీలో, తొట్టెడు నీళ్లు గాలికి ఇవ్వడం ఆలోచించే పనే. బోరున్న ఇంట్లో నీటిమట్టం పడిపోయి మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది. అదీ మీటరు మీదే.

ఖర్చు పెట్టగలిగినవాళ్లకు ఇంకో రెండు దారులున్నాయి. 75 వాట్ల ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగిస్తే, రోజుకు పద్దెనిమిది గంటల వేసవి వాడకంలో ఒక్కో ఫ్యానుకు నెలకు 24 యూనిట్లు మిగులుతాయి. రూ.8.75 శ్లాబులో ఉన్న ఇంటికి అది రెండు వందల పైమాట. ఏసీలకు 24 డిగ్రీలు ముందే అమర్చి అమ్మాలన్న నిబంధన 2020 జనవరి నుంచి ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరుశాతం దాకా ఆదా అని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 18 పెట్టి దుప్పటి కప్పుకునేవారికి ఈ లెక్క ఎవరూ చెప్పక కాదు. రెండోది ఇంటిపైన సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన రూ.78 వేలు కేంద్ర సబ్సిడీ. కిలోవాట్‌కు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు. పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకునే నెట్ మీటరింగ్ ఉంది కాబట్టి సీమ వేసవికి ఇది అచ్చంగా అమరుతుంది. పలకల నీడ పడి కప్పు వేడెక్కడమూ తగ్గుతుంది. దుమ్ము తుడవడం మరిస్తే ఫలం తగ్గుతుంది, అది వేరే సంగతి. చిక్కల్లా సొంత మిద్దె ఉన్నవాడికే ఈ భాగ్యం. అద్దె ఇంటివాడికి, అపార్ట్‌మెంట్ రెండో అంతస్తువాడికి నెల శ్లాబే గతి.

అందుకే ఈ సమస్యను ఇళ్లవాళ్ల పొదుపుకు వదిలేయలేం. నియంత్రణ మండలికి కాలాలు తెలియవా అంటే, తెలుసు. ఆంధ్రప్రదేశ్ టారిఫ్‌లో హైటెన్షన్ (హెచ్‌టీ) పరిశ్రమలకు ఫిబ్రవరి నుంచి మే దాకా, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక ధర, మిగతా నెలల్లో ఇంకో ధర అన్న విభజన ఉంది. సీజనల్ ఇండస్ట్రీస్ అన్న విభాగం అంతకన్నా పాతది. చక్కెర, ఐసు, ఉప్పు, పత్తి జిన్నింగ్ వంటివి ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తాయని, మిగతా నెలల్లో వాటిని పూర్తి పరిశ్రమలుగా చూడకూడదని ఆ విభాగం గుర్తిస్తుంది. ఆదోని పత్తి మిల్లుకు కాలం ఉందని తెలిసిన టారిఫ్ పుస్తకానికి, ఆ మిల్లులో పనిచేసేవాడి ఇంటికి కూడా కాలం ఉందని తెలియకపోవడమే విచిత్రం.

మార్గాలు కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. మొదటిది, సంవత్సరం మొత్తానికి శ్లాబు కోటా. 30 యూనిట్లకు బదులు 360, 75కు బదులు 900, 225కు బదులు 2,700. ఏడాది చివర సర్దుబాటు చేసుకోవచ్చు. రెండోది, శ్లాబుల వెడల్పును కాలాన్నిబట్టి మార్చడం. మార్చి నుంచి జూన్ దాకా మధ్య శ్లాబులు కాస్త విశాలంగా, చలికాలంలో కాస్త ఇరుకుగా. డిస్కం ఆదాయం పెద్దగా కదలదు. మూడోది, అన్నిటికన్నా తేలికైనది, నిరుటి వాడకం సగటు తీసి నెలనెలా ఒకే మొత్తం కట్టించుకుని ఏడాదికోసారి తేల్చడం. అమెరికాలో ఎన్నో విద్యుత్ సంస్థలు ఇలా చేస్తున్నాయి. డల్లాస్‌లో, ఫీనిక్స్‌లో ఉంటున్న తెలుగువారికి ఇది తెలిసిన పద్ధతే. ఫీనిక్స్ ఉన్న అరిజోనా ఎడారి రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. 2018 సెప్టెంబరులో 51 డాలర్ల బకాయికి కరెంటు కట్ చేసిన ఇంట్లో ఒక వృద్ధురాలు ఎండదెబ్బకు చనిపోయాక, అక్కడి నియంత్రణ సంస్థ మరుసటి ఏడాది నుంచి జూన్ 1, అక్టోబరు 15 మధ్య బకాయిలకు ఇళ్ల కనెక్షన్లు తీయకుండా నిలువరించింది. 43, 44 డిగ్రీల ఎండ అలవాటైన ఊళ్లలో వేసవి బకాయికి ఫ్యూజు పీకడం గురించి మన దగ్గర ఆ పాటి చర్చ కూడా లేదు.

అభ్యంతరాలు ఉంటాయి. ఎండాకాలం శ్లాబు వెడల్పు చేస్తే ఖరీదైన నెలలోనే వాడకాన్ని ప్రోత్సహించినట్టవుతుంది, మూడు ఏసీలున్న ఇంటికీ లాభం పోతుంది. మొదటి మాటలో నిజముంది. అందుకే పై రెండు శ్లాబులను ముట్టుకోనక్కర్లేదు. వెడల్పు కావాల్సింది 75 నుంచి 225 మధ్య ఉన్నవాళ్లకు. ఫ్యాన్లు, ఫ్రిజ్, కూలర్ నడిపే ఇల్లు ఉండేది అక్కడే. స్మార్ట్ మీటర్లు వస్తే పగలు చౌక, సాయంత్రం ఖరీదు అన్న ధరల పద్ధతి ఇళ్లకూ తేవాలని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. సూర్యుడున్న గంటల్లో చౌకగా ఇవ్వడం గ్రిడ్ దృష్టిలో తెలివైన పనే. కానీ సీమ ఇల్లు కాలేది రాత్రి కప్పు కింద. అది చూడకుండా ఆ పద్ధతి వస్తే ఇప్పుడు నెల చేస్తున్న పనిని అప్పుడు గంట చేస్తుంది.

నియంత్రణ మండలి ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. 2023లో కర్నూలుకు మారింది, దిన్నెదేవరపాడు రోడ్డులో సొంత భవనంలో ఉంది. రాష్ట్రంలో ఏ ఇంటి కరెంటు ధరైనా తేలేది ఈ ఎండల ఊళ్లోనే. డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికలు ఏటా నవంబరు నెలాఖరులోగా దాఖలు చేయాలి. ప్రజాభిప్రాయ సేకరణ జనవరి, ఫిబ్రవరుల్లో జరుగుతుంది. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, విచారణలో మాట్లాడవచ్చు. ఆ గదుల్లో పరిశ్రమల సంఘాలు, రైతు సంఘాలు, వామపక్షాల నాయకులు ఎక్కువగా కనబడతారు. ఇంటి బిల్లు పట్టుకుని వచ్చేవారు తక్కువ. జనవరిలో చాలామందికి బిల్లు అంత బరువనిపించదు మరి. మే, జూన్ నెలల బిల్లులు రెండు దాచుకుని, ఏడాది కోటా శ్లాబు కావాలి, రీడింగు రోజులను బట్టి శ్లాబు సర్దాలి, 200 యూనిట్ల గీతను వేసవి నాలుగు నెలలకు పెంచాలి అని ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వడానికి కర్నూలు వాసికి ఆటో చార్జీ, కడప వాసికి బస్సు చార్జీ చాలు.